ముందు ఒక బటన్ చెయ్యరా!

ఒక రాత్రి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, వెబ్ పేజీలు కట్టడం నేర్చుకుంటాను. రియాక్ట్ మొదలుపెట్టనా, యాంగులర్ మొదలుపెట్టనా? వ్యూ బాగుందంటున్నారు. స్వెల్ట్ ఇంకా తేలికట." ఇవన్నీ ఫ్రేమ్‌వర్కులు, అంటే పేజీలు కట్టడానికి ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్ చట్రాలు. అలాంటివి పదకొండు పేర్లతో పట్టిక గీసుకున్నాడు. ఒక్కోదానికీ జీతం, డిమాండు, కష్టం అని గడులు. అంతా విని ఒక్కటే అడిగాను. "బటన్ నొక్కితే కిందున్న పేరా మాయమవ్వాలి, మళ్లీ నొక్కితే కనపడాలి. చెయ్యగలవా?" అవతల చప్పుడు లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

వాణ్ణి ఎగతాళి చెయ్యడానికి నాకు నోరు లేదు. నేనూ అలాగే మొదలుపెట్టాను. అంతకు ముందు చాలా ఏళ్లు డీటీపీ పని చేశాను, పుస్తకాలకి పేజీలు పేర్చేదాన్ని. వెబ్ వైపు వద్దామని నేరుగా ఒక ఫ్రేమ్‌వర్క్ కోర్సులో చేరాను. మూడు నెలలయ్యాక ఒక ఇంటర్వ్యూలో, ఏ ఫ్రేమ్‌వర్కూ వాడకుండా జాబితాలోంచి ఒక వరస తీసేసే బటన్ రాయమన్నారు. చేతులు కదల్లేదు. ఇంటికొచ్చి ఓనమాల దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఆ రెండో ప్రయాణమే ఇప్పుడు చెప్పబోయేది. మా తమ్ముడి చేత అదే దారి నడిపించినప్పుడు కొన్ని దిద్దుబాట్లు కూడా చేసుకున్నాను.

బ్రౌజర్ ఎప్పుడో ఎంచేసింది

సర్వర్ వైపు పని చేసేవాళ్లకి పైథాన్, జావా, గో, పీహెచ్‌పీ అని బోలెడు దారులు. ఫ్రంట్ ఎండ్‌లో, అంటే బ్రౌజర్‌లో కనపడే వైపు, ఆ బాధ లేదు. బ్రౌజర్‌కి అర్థమయ్యేవి మూడే: పేజీలో ఏముందో చెప్పే హెచ్‌టీఎంఎల్, అది ఎలా కనపడాలో చెప్పే సీఎస్ఎస్, ఏం జరగాలో చెప్పే జావాస్క్రిప్ట్. ఇందులో మామూలుగా ప్రోగ్రామింగ్ భాష అనేది చివరిదాన్నే. కాబట్టి "ఏ భాష నేర్చుకోవాలి" అన్న ప్రశ్నకి జవాబు మీరు పుట్టకముందే వచ్చేసి ఉండొచ్చు.

దీన్ని మార్చాలని చూసినవాళ్లు లేకపోలేదు. పేజీల్లో ఆటలు, యానిమేషన్లు నడిపిన ఫ్లాష్ ఒకప్పుడు వెబ్‌ని ఏలింది. 2020 డిసెంబర్ 31తో అడోబీ దానికి సపోర్ట్ ఆపేసింది. 2011లో గూగుల్ డార్ట్‌ని తెచ్చినప్పుడు అది జావాస్క్రిప్ట్ చోటు తీసుకోవాలన్నది ఆశ. క్రోమ్‌లో దాన్ని నేరుగా నడిపే ఆలోచన 2015లో వదిలేసుకున్నారు. 2009లో వచ్చిన కాఫీస్క్రిప్ట్‌లో జనానికి నచ్చిన చాలా సౌకర్యాలు 2015 నాటి జావాస్క్రిప్ట్‌లోకే వచ్చేశాయి, ఇక దాని అవసరం తగ్గిపోయింది. వెబ్‌అసెంబ్లీ అని ఇంకోటి ఉంది. సీ ప్లస్ ప్లస్, రస్ట్ లాంటి భాషల్లో రాసింది బ్రౌజర్‌లో నడుపుతుంది. డిజైన్ టూల్స్, గేమ్స్ లాంటి బరువైన పనులకి అది బాగుంటుంది. కానీ పేజీని ముట్టుకోవాలంటే ఇప్పటికీ జావాస్క్రిప్ట్ చెయ్యి పట్టుకోవాల్సిందే. మొదటి ఏడాదిలో దాని జోలికి వెళ్లక్కర్లేదు.

మీరు నిజంగా ఎంచుకోవాల్సింది వరసనీ, దేని దగ్గర ఎంతకాలం ఆగాలన్నదాన్నీ. తర్వాత ఇంకోటి, ఏం తయారుచేస్తూ నేర్చుకోవాలి. నేను పెట్టుకున్నది చిన్న పేజీ: నా పుస్తకాలు ఎవరికి ఇచ్చాను, ఎన్ని రోజులకి ఇచ్చాను. పుస్తకం తీసుకెళ్లినవాళ్లు ఎలాగూ తిరిగివ్వరు కాబట్టి ఆ పేజీ నాకు నిజంగానే అవసరం. తమ్ముడికీ అదే అప్పజెప్పాను. ప్రతి దశలోనూ కొత్త ప్రాజెక్టు కాకుండా ఇదే పేజీని పెంచుకుంటూ పోవాలని షరతు.

హెచ్‌టీఎంఎల్: రెండు రోజులు కాదు, రెండు వారాలు

దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ట్యాగులు, అంటే పేజీలో ఏ ముక్క ఏమిటో చెప్పే గుర్తులు, పాతిక గుర్తుపెట్టుకుని "వచ్చేసింది" అనేస్తారు. తమ్ముడూ అంతే. పేజీ నిండా డివ్‌లే, అంటే తమకంటూ ఏ అర్థమూ లేని ఉత్త పెట్టెలు. బటన్ కూడా డివ్‌తోనే చేసి, రంగు వేసి, నొక్కితే పని చేసేలా పెట్టాడు. మౌస్ పక్కన పెట్టి వాడి చూడరా అన్నాను. ట్యాబ్ కీ కొడుతుంటే అన్నిటి మీదా ఆగుతోంది, ఆ బటన్ మీద తప్ప. ఎంటర్ కొట్టినా ఉలకదు. అసలైన బటన్ ట్యాగ్ వాడితే ఇవన్నీ ఉచితంగా వస్తాయి. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ కూడా దాన్ని బటన్ అని చదువుతుంది, డివ్‌ని కాదు.

ఇంకో చిన్న పరీక్ష. ఫారంలో "పుస్తకం పేరు" అన్న మాట మీద నొక్కండి. కర్సర్ పక్క పెట్టెలోకి దూకాలి. దూకకపోతే లేబుల్‌ని ఆ పెట్టెకి ముడివెయ్యలేదన్నమాట.

ఒక విషయం ముందే చెప్తాను, లేకపోతే ఒక సాయంత్రం పోతుంది. ఫారం లోపల పెట్టిన బటన్‌కి రకం చెప్పకపోతే అది సబ్మిట్ బటన్ అయిపోతుంది. నొక్కగానే పేజీ మళ్లీ లోడ్ అవుతుంది, అప్పటిదాకా చేర్చిన జాబితా గాలికి పోతుంది. మీ జావాస్క్రిప్ట్ తప్పనుకుని తలబద్దలు కొట్టుకుంటారు. నేను కొట్టుకున్నాను.

సీఎస్ఎస్: కాగితం కాదు, తెర

డీటీపీ నుంచి వచ్చిన నాకు ఇక్కడే గర్వభంగం. కాగితానికి కొలత ఉంటుంది, తెరకి ఉండదు. నా మొదటి పేజీకి 960 పిక్సెళ్ల వెడల్పు బిగించేసి, మార్జిన్లు చక్కగా సరిచూసుకుని మురిసిపోయాను. ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పేజీ తలలో వ్యూపోర్ట్ ట్యాగ్ పెట్టకపోతే ఫోన్ బ్రౌజర్ దాన్ని డెస్క్‌టాప్ పేజీ అనుకుంటుంది, సాధారణంగా 980 పిక్సెళ్లు ఉందనుకుని మొత్తాన్ని కుదించి చూపిస్తుంది. ఆ ట్యాగ్ పెట్టగానే అక్షరాలు పెద్దవయ్యాయి, పేజీ పక్కకి జారడం మొదలైంది. అప్పటికి గానీ వెడల్పులు బిగించకూడదని బుర్రకెక్కలేదు.

మొదట నేర్చుకోవాల్సింది పెట్టె లెక్క. ఒక పెట్టెకి వెడల్పు 300 పిక్సెళ్లు ఇచ్చారు. ప్యాడింగ్, అంటే లోపలి ఖాళీ, అటూ ఇటూ 20, అంచు కూడా అటూ ఇటూ 1. తెర మీద అది 300 కాదు, 342. అందుకే సగం సగం ఇచ్చిన రెండు పెట్టెలు పక్కపక్కన పట్టక ఒకటి కిందకి జారుతుంది. బాక్స్ సైజింగ్‌ని బోర్డర్ బాక్స్ అని పెడితే ప్యాడింగూ అంచూ ఆ 300లోనే సర్దుకుంటాయి. బ్రౌజర్‌లోనే ఉండే డెవలపర్ టూల్స్ తెరిచి ఆ పెట్టె బొమ్మ మీద అంకెలు మారుస్తూ అరగంట ఆడుకోండి. పది వీడియోలకంటే అది నయం.

తర్వాత పెట్టెల్ని వరసగా పేర్చే ఫ్లెక్స్‌బాక్స్, దాని తర్వాత గడులుగా పేర్చే గ్రిడ్. గ్రిడ్ 2017లో పెద్ద బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చింది. ఏ పాఠమైనా పేజీని కాలమ్‌లుగా విడగొట్టడానికి ఫ్లోట్ వాడమంటే అది పాతబడిందని గుర్తు, మూసేయండి. ఒక రూల్ ఎందుకు పనిచెయ్యడం లేదో తెలియక, దాన్ని బలవంతంగా గెలిపించే ఇంపార్టెంట్ అన్న మాట తగిలించడం మొదలుపెడితే ఇక ఆగదు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, వారం తిరిగేసరికి ప్రతి లైనూ ఇంపార్టెంటే అవుతుంది. ఏ సెలెక్టర్ (రూల్ దేనికి వర్తించాలో చెప్పే భాగం) దేని మీద గెలుస్తుందో ఒకసారి కూర్చుని చదువుకోండి.

మనవాళ్లకి ప్రత్యేకం: ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయే లైన్ హైట్ తెలుగుకి సరిపోదు. 1.2 పెడితే పై వరస ఒత్తులు కింది వరస గుడుల్ని గుద్దుకుంటాయి. నేను 1.7 కి తగ్గను.

జావాస్క్రిప్ట్ దగ్గర తొందర వద్దు

హెచ్‌టీఎంఎల్‌కి రెండు వారాలు, సీఎస్ఎస్‌కి నెలా నెలన్నర అనుకుంటే, దీనికి నాలుగు నెలలు పెట్టుకోండి, రోజుకి గంటన్నర చొప్పున. ఎక్కువమంది చెయ్యని పని ఇదే. నా గొడవంతా కూడా దీని గురించే.

1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ దీని మొదటి రూపాన్ని పది రోజుల్లో రాశాడు. పేరు ముందు మోకా, తర్వాత లైవ్‌స్క్రిప్ట్, ఆ ఏడాది డిసెంబర్‌కి జావాస్క్రిప్ట్. జావాతో చుట్టరికం పేరు వరకే. ఆ తొందరలో పడ్డ కొన్ని వంకర్లు ఇప్పటికీ ఉన్నాయి. సరిచేస్తే పాత పేజీలు విరిగిపోతాయి కాబట్టి ఎవరూ ముట్టుకోరు. ఏమీ లేదని చెప్పే నల్ రకం ఏమిటని టైప్ ఆఫ్‌ని అడిగితే ఆబ్జెక్ట్ అంటుంది. ఇలాంటివి బట్టీ పట్టక్కర్లేదు, తగిలినప్పుడు కంగారు పడకపోతే చాలు.

కానీ ఒక్కటి మాత్రం ముందే గట్టిగా పట్టుకోవాలి. విలువకి ఒక రకం ఉంటుంది. తమ్ముడి పేజీలో జరిగింది చెప్తాను. పుస్తకం గడువు పెంచడానికి ఒక పెట్టె పెట్టాడు. ఇచ్చిన గడువు 7 రోజులు, పెట్టెలో ఇంకో 7 కొట్టాడు. జాబితాలో "77 రోజులు" అని వచ్చింది. వాడు ముందు లూప్‌ని అనుమానించాడు, తర్వాత బ్రౌజర్‌ని, ఆఖరికి నన్ను. కోడ్ మార్చొద్దు, పెట్టెలోంచి వచ్చిన విలువ రకం ఏమిటో డెవలపర్ టూల్స్‌లోని కన్సోల్‌లో ప్రింట్ చెయ్యి అన్నాను. చేశాడు. నంబర్ అని రాలేదు, స్ట్రింగ్ అని వచ్చింది, అంటే అక్షరాల వరస.

ఇన్‌పుట్ పెట్టెలో మీరు అంకె కొట్టినా దాని వాల్యూ స్ట్రింగ్‌గానే వస్తుంది. ఆ పెట్టె రకాన్ని నంబర్ అని పెట్టినా అంతే. ఒక పక్క స్ట్రింగ్ ఉంటే ప్లస్ గుర్తు కూడదు, అతికిస్తుంది. తమాషా ఏమిటంటే మైనస్ అలా కాదు, అది అంకెలుగా మార్చుకుని చక్కగా తీసేస్తుంది. అందుకే గడువు తగ్గించే బటన్ మొదటి రోజునుంచీ బాగానే పనిచేసింది, పెంచేది మాత్రం మొరాయించింది. వాల్యూని నంబర్ ఫంక్షన్‌లో వేస్తే సమస్య తీరింది. పూర్తిగా కాదు. పెట్టె ఖాళీగా వదిలేస్తే నంబర్ ఫంక్షన్ దాన్ని సున్నా చేస్తుంది, అంకె బదులు "ఏడు" అని అక్షరాల్లో రాస్తే అసలు అంకె కాని అంకె, నాన్ అనేదొకటి, చేతిలో పెడుతుంది. ఆ రెండూ వాడే కనిపెట్టాడు. ఆ సాయంత్రం వాడు నేర్చుకున్నది ఆ ముందు మూడు వారాల్లో నేర్చుకున్నదానికంటే ఎక్కువ.

అదే రోగం ఇంకో రూపంలో మళ్లీ వచ్చింది. పేజీ మూసినా జాబితా ఉండాలని బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్‌లో దాచాడు. అక్కడ స్ట్రింగులు తప్ప ఏమీ దాగవు. పుస్తకం వివరాలున్న ఆబ్జెక్ట్‌ని అలాగే పెడితే తిరిగొచ్చేది "ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్" అన్న పనికిరాని మాట. దాచేముందు జేసన్‌గా, అంటే వివరాల్ని స్ట్రింగ్‌గా రాసే పద్ధతిలోకి, మార్చాలి, తీసేటప్పుడు విప్పాలి.

తర్వాత పొడుగు పేర్లు కత్తిరించబోయాడు. "తెలుగు" మనకి మూడు అక్షరాలు. జావాస్క్రిప్ట్‌ని లెంగ్త్ అడిగితే 6 అంటుంది, ఎత్వం, కొమ్ములు కూడా విడిగా లెక్కేస్తుంది. మొదటి అయిదు తీసుకుంటే "తెలుగ" మిగులుతుంది. చూపించడానికే అయితే కత్తిరింపు సీఎస్ఎస్‌కి వదిలేయండి, నిజంగా అక్షరాలు లెక్కపెట్టాలంటే ఇంటల్ సెగ్మెంటర్ ఉంది.

వరస మాటకొస్తే: విలువలు, ఫంక్షన్లు, అర్రేలు (జాబితాలు), ఆబ్జెక్టులు. అర్రేల్లో మ్యాప్, ఫిల్టర్, ఫైండ్ చేతికి అలవాటవ్వాలి, రేపు ఫ్రేమ్‌వర్కుల్లో రోజంతా అవే. తర్వాత డామ్ (జావాస్క్రిప్ట్ చేతికి అందే పేజీ రూపం), ఈవెంట్లు (నొక్కడం, టైప్ చెయ్యడం లాంటివి). క్లిక్‌కి ఫంక్షన్ అప్పగించేటప్పుడు పేరు మాత్రమే ఇవ్వండి. బ్రాకెట్లు పెడితే అది నొక్కకముందే నడిచేస్తుంది, నొక్కినప్పుడు ఏమీ జరగదు. వాడేవాళ్లు రాసిన మాటని పేజీలో పెట్టడానికి, దాన్ని కోడ్‌గా చదివే ఇన్నర్ హెచ్‌టీఎంఎల్ వద్దు, టెక్స్ట్ కంటెంట్ వాడండి. ఎవరైనా పుస్తకం పేరు చోట కోడ్ రాస్తే అది మీ పేజీలో నడవకూడదు కదా.

ఆఖర్న, బయటినుంచి డేటా తెచ్చుకోవడం. ప్రామిస్, అసింక్, అవెయిట్, ఇవన్నీ ఆలస్యంగా వచ్చే జవాబు కోసం ఆగే పద్ధతులు. ఇది అందరికీ టెన్షనే. డేటా ఇంకా దారిలో ఉండగానే కింది లైన్ నడిచిపోతుందన్న సంగతి మనసుకి పట్టడానికి కొన్ని రోజులు పడుతుంది. ఇంకో మెలిక: సర్వర్ 404 (అడిగింది లేదు) అని తిప్పి పంపినా, డేటా తెచ్చే ఫెచ్ దాన్ని ఎర్రర్‌గా చూడదు, జవాబు వచ్చిందిగా అంటుంది. ఆ జవాబులో ఓకే ఉందో లేదో మీరే చూసుకోవాలి. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పెట్టుకుని ఈ పాఠం చదవండి.

చదవడానికి మొజిల్లావాళ్ల ఎండీఎన్ వెబ్‌సైట్ చాలు. వీడియో చూస్తే పది నిమిషాలు చూసి మూసేసి, మళ్లీ తెరవకుండా అదే కట్టండి. ఏఐ చాట్‌ని అడగొచ్చు, కానీ "రాసిపెట్టు" అని కాదు, "ఇది ఎందుకిలా" అని. పక్కనున్నవాళ్లకి నోటితో వివరించలేని లైను నా ఫైల్లో ఉండకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. కోడ్‌లో చేసిన మార్పులు దాచిపెట్టే గిట్ మాత్రం మొదటి నెలలోనే మొదలెట్టండి, నాలుగు కమాండ్లు చాలు.

టైప్‌స్క్రిప్ట్, ఫ్రేమ్‌వర్క్: ఎప్పుడు?

దెబ్బ తగిలాక. 2012 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ టైప్‌స్క్రిప్ట్‌ని బయటపెట్టింది, దాని వెనకున్న ఆండర్స్ హెజ్ల్స్‌బర్గ్ అంతకు ముందు సీ షార్ప్ కట్టినవాడు. డార్ట్‌లా ఇది జావాస్క్రిప్ట్‌ని పక్కకి నెట్టబోలేదు. దాని మీదే రకాల పొర వేసింది, బ్రౌజర్‌కి చేరేలోపు ఆ పొర ఊడిపోతుంది. అందుకే నిలబడింది. రోజులు అంకె అని ముందే చెప్తే, పెట్టెలోంచి వచ్చిన వాల్యూని తెచ్చి కలపబోయినప్పుడే ఎడిటర్‌లో ఎర్ర గీత పడుతుంది, 77 దాకా పోదు. తమ్ముడికి ఆ ఎర్ర గీత చూపిస్తే చాలు, ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. ఇబ్బంది పెట్టిన ప్రతిచోటా ఎనీ (ఏ రకమైనా సరే) అని రాసి తప్పించుకుంటే మాత్రం నేర్చుకోనట్టే. బయటినుంచి వచ్చే డేటా మీరు చెప్పిన రకంలోనే ఉందో లేదో నడిచేటప్పుడు అది చూడదని కూడా గుర్తుంచుకోండి.

ఫ్రేమ్‌వర్క్ ఎప్పుడు కావాలో మీ పేజీయే చెప్తుంది. పుస్తకాల పేజీలో ఒకచోట జాబితా, పైన మొత్తం ఎన్ని, పక్కన గడువు దాటినవి ఎన్ని. ఒక పుస్తకం తీసేస్తే మూడు చోట్లా మార్చాలి. ఒకచోట మర్చిపోతారు. "డేటా మారిస్తే పేజీ తనే మారితే బాగుండు" అని విసుగొచ్చిన రోజున రియాక్ట్ పాఠం తెరవండి, మొదటి పేజీలోనే అర్థమవుతుంది. ఆ విసుగు రాకముందు తెరిస్తే నాలాగే అవుతుంది.

ఏది? ఉద్యోగం కోసమైతే మీరు నిజంగా అప్లై చేసే ప్రకటనలు ఒక వారం పాటు చూసి గీతలు గీసి లెక్కపెట్టండి. చాలామందికి రియాక్ట్ దగ్గరే ఎక్కువ గీతలు పడతాయి, పడితే అదే తీసుకోండి. 2013 నుంచి ఉంది. పెద్ద సంస్థల లోపలి సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలనుకుంటే యాంగులర్. ఉద్యోగం తొందర లేకపోతే వ్యూ నాకిష్టం, హెచ్‌టీఎంఎల్ బాగా తెలిసినవాళ్లకి పరాయిగా అనిపించదు. పట్టుకున్నాక ఆరు నెలలు వదలొద్దు. పాఠం పాతదో కాదో చూసుకోండి. రియాక్ట్‌లో క్లాసులతో మొదలైతే అది 2019లో హుక్స్ అనే కొత్త పద్ధతి రాకముందుది. కొత్త ప్రాజెక్టు తయారుచేసిపెట్టే క్రియేట్ రియాక్ట్ యాప్‌తో మొదలుపెట్టమంటే, దాన్ని 2025లో రియాక్ట్ టీమే పక్కన పెట్టేసింది, ఇప్పుడు ఆ పనికి వీట్ అనే టూల్ వాడుతున్నారు. జేక్వెరీ అనే పాత లైబ్రరీ ఉద్యోగంలో ఎదురైతే అప్పుడు చూసుకోవచ్చు, జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్లకి రెండు రోజుల పని.

మొన్న తమ్ముడి దగ్గర్నుంచి మెసేజ్. గడువు దాటిన పుస్తకాలని రోజుల ప్రకారం తక్కువనుంచి ఎక్కువకి పేర్చబోయాడట. వచ్చిన వరస 100, 14, 21, 7. రోజుల్ని నంబర్లుగానే దాచానక్కా, రకం కూడా చూశాను, నంబరే అంటోంది అన్నాడు. సార్ట్‌కి బ్రాకెట్లలో ఏమిచ్చావు అని అడిగాను. ఏమీ ఇవ్వలేదన్నాడు. నేను జవాబు టైప్ చేస్తుండగానే ఇంకో మెసేజ్ వచ్చింది: "ఆగక్కా, చెప్పకు. ఎండీఎన్ తెరిచా. పోల్చే ఫంక్షన్ ఇవ్వకపోతే అన్నిట్నీ స్ట్రింగులు చేసి పోలుస్తుందట. మళ్లీ వీడేనా!"